పాటకో గ్లాసు

“మా ఆయన రోజూ వైన్ తాగుతడు డాక్టర్‌గారూ. గిట్లైతే లివర్ మిగుల్తదా?” అబిడ్స్ క్లినిక్‌లో జిప్పోరా మొగుడు జీవరత్నం మీద ఫిర్యాదు చేసింది.

“రోజుకెంత?” డాక్టరు జీవరత్నాన్నే అడిగాడు.

“మామూలుగ ఒక గ్లాసు సార్. చర్చిల ఈమె సోలో పాడే వారమైతే రోజుకు మూడు.”

“సోలోకూ వైన్‌కూ ఏం సంబంధం?”

“ప్రాక్టీసు ఇంట్ల, నా ముంగటనే చేస్తది సార్.”

జిప్పోరా మొహం కందగడ్డలా చేసుకుంది. “గంత కష్టమైతే లేచి బయటికి పోవచ్చు గద!”

“వినేటోడు లేకుంటే నువ్వు పాడవు గద.”

డాక్టరు దగ్గు నటించి, వైన్ మానెయ్యమన్నాడు.

ఇంటికి పోయే ఆటోలో జిప్పోరా అలవాటుగా కూనిరాగం అందుకుని, టక్కున ఆపేసింది.

జీవరత్నం ఎదుటి కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. “పాడు జిప్పోరా. ఇగ ఉత్తగనే వినుడు నేర్చుకోవాలె గద!”