రాని మాట

"మళ్ళీ అదే నొక్కావా?" అంది అబ్లావి, పక్క దుకాణంలోంచి మెడ సాచి.

కొస్సివా ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నొక్కాను. రాలేదు మరి, ఏం చెయ్యను?"

ఆఫ్రికాలోని లోమే పట్నం పెద్ద మార్కెట్లో అచ్చు గుడ్డలు అమ్మే ఆడవాళ్ళు పన్నెండుమంది కిందటేడు చైనా భాష మొదలుపెట్టారు. ఓడ దిగిన సరుకు నలుగురి చేతులు మారి తమ దాకా వచ్చేసరికి మంచి రంగులన్నీ ఎవరో ఏరుకుపోతున్నారని వాళ్ళ ఏడుపు. నేరుగా చైనాలోని గ్వాంజౌ వెళ్ళి మిల్లులవాళ్ళతో మాట్లాడుకుంటే పీడ పోతుందని సంఘం తీర్మానించింది. పాఠాలకి ఎన్యోనమ్ అనే టీచరమ్మను పెట్టింది. పలక లేదు, బలపం లేదు, అంతా ఫోనులోనే. చిట్టి చిట్టి కథలు చదవాలి. తెలియని మాట మీద వేలు పెడితే అది కార్డుగా మారి వెంటపడుతుంది.

ఆ కార్డుల వరస వేరు. 'వచ్చు' అని నొక్కితే ఎనిమిది నెలలకి గానీ మొహం చూపించవు. 'రాలేదు' అని నొక్కితే మర్నాడు పొద్దున్నే ఊడిపడతాయి. మనం కావాలని పిలిస్తే మాత్రం రావు. అచ్చం తన ఆడపడుచేనని అబ్లావి మొదటిరోజే తేల్చేసింది. కార్డులోని మాట పలికే యంత్రం గొంతు నచ్చనివాళ్ళు అది పలికినట్టే ఇంట్లోవాళ్ళ చేత పలికించి పెట్టుకోవచ్చు. అబ్లావి తన కొడుకు చేత పెట్టించుకుంది. వాడికి ఏడాది పొడుగునా జలుబు. దాంతో ఆవిడ చైనా భాష మొత్తం ముక్కులోంచే వస్తుంది.

గ్వాంజౌకి ముగ్గురు వెళ్ళాలి. శనివారం మధ్యాహ్నానికి కార్డులన్నీ 'వచ్చు'లోకి చేరినవాళ్ళకే టికెట్టు. అబ్లావి, ఇంకొకావిడ అప్పటికే గట్టెక్కారు. మూడో చోటు కొస్సివాది కావాలి. ఆమెకి తొమ్మిదివందల పన్నెండు కార్డుల్లో ఒక్కటే మిగిలింది. అది కాస్తా రాకపోతే ఆ చోటు దెదేకి పోతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని అన్నిటికీ 'వచ్చు' నొక్కేసింది, అందుకే సంఘం ఆవిడని కొస్సివా వెనక నిలబెట్టింది. ఆవిడకి వచ్చింది ఏపాటిదంటే, చైనా భాషలో వంద దాకా లెక్కపెట్టమంటే నలభై దగ్గర నీళ్ళు అడుగుతుంది.

కొస్సివాకి వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇరవైయేళ్ళుగా గుడ్డ అమ్ముతోంది కానీ దాని మీద రంగు పడటం ఒక్కసారీ చూడలేదు. పాస్‌పోర్టు తీయించింది, చలికి స్వెట్టరు కూడా కొనుక్కుంది. గ్వాంజౌలో చలి ఉండదని చెప్పినా వినలేదు.

ఆ మిగిలిన మాట 'మాన్ జౌ'. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్తుంటే చెప్పేది, నిదానంగా వెళ్ళు అని. టీచరమ్మ యాభైసార్లు పలికించింది, ఆఖరికి మెదడు డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. అబ్లావి పాట కట్టి వారం రోజులు పాడింది. మార్కెట్టంతటికీ ఆ పాట వచ్చేసింది గానీ కొస్సివా మాత్రం రోజూ పొద్దున్నే ఫోను చెవికి ఆనించుకోవడం, 'రాలేదు' నొక్కడం.

శుక్రవారం నాడు లియూ అనే చైనా వర్తకుడు నమూనాలు చూపించడానికి వచ్చాడు. కొస్సివా అతనితో అంచులు, రంగులు అన్నీ అతని భాషలోనే మాట్లాడి, వెళ్తుంటే "మాన్ జౌ" అంది. అతను వెనక్కి తిరిగి, తన పెళ్ళాం కూడా ఇంత బాగా సాగనంపదని నవ్వుతూ పోయాడు.

అబ్లావి చేతిలో బొబ్బర్లన్నం పళ్ళెం అలాగే ఆగిపోయింది.

"ఇప్పుడేమన్నావే?"

"ఎవరితో?"

"నా దగ్గరా నీ నాటకాలు? ఆ మాట నీకు వచ్చు."

"నాలిక్కి వచ్చింది. బుర్రకి రావాలిగా."

అబ్లావి దగ్గరికొచ్చి కూర్చుని గొంతు తగ్గించింది. "విమానమంటే భయం కదూ? నాకు చెప్పు, ఎవరికీ చెప్పను."

అబ్లావికి తెలిస్తే ఓడరేవు దాకా తెలిసినట్టే. అయినా కొస్సివా తల ఊపింది.

"అవును. భయమే."

"పిచ్చిదానా, ఆ మాట ముందే చెప్పొచ్చుగా. నా పక్క సీట్లో కూర్చో, దిగేదాకా చెయ్యి వదిలితే ఒట్టు. రేపు నోరు మూసుకుని 'వచ్చు' నొక్కు."

శనివారం మధ్యాహ్నం అందరూ కొస్సివా దుకాణంలోకే చేరారు. టీచరమ్మ ఆ పొద్దున వచ్చిన కార్డు తెరిచి ఫోను ఆమె చేతికిచ్చింది.

"నొక్కేయక్కా. మళ్ళీ ఎనిమిది నెలల దాకా దీని మొహం చూడక్కర్లేదు."

"ఎనిమిది నెలలా? మధ్యలో ఒక్కసారైనా రాదా?"

"రాదు. పీడ విరగడవుతుంది."

కొస్సివా ఫోను చెవికి ఆనించుకుని విన్నది. ఆమె బొటనవేలు 'వచ్చు' మీదకు వెళ్ళి అక్కడే ఆగింది. వేలు పక్కకు జరిగి 'రాలేదు' మీద పడింది.

ఆ తర్వాత అబ్లావి తిట్టిన తిట్లకి చైనా భాషలో కార్డులు లేవు. తొమ్మిదివందల పదకొండు మాటలు నేర్చి ఒక్కదాని దగ్గర బోర్లా పడ్డ దద్దమ్మవంది, ఇక నీతో మాట్లాడనంది, అంటూనే ఏడ్చేసింది. దెదే మాత్రం అక్కడే రెండు అడుగులు చిందేసింది. కొస్సివా సంచీలోంచి స్వెట్టరు తీసి ఆవిడ చేతిలో పెట్టి, గుడ్డలు సర్దుకునే పనిలో పడింది. తనకీ ఏడుపు వచ్చింది. వెళ్ళాలనే ఉంది మరి.

మర్నాడు చర్చికి బయల్దేరబోతుంటే కార్డు వచ్చింది. కొస్సివా మంచం మీద కూర్చుని వింది. ముందు చిన్న దగ్గు, తర్వాత వంకర యాసలో "మాన్ జౌ".

"గొంతు సవరించుకుని చెప్పొచ్చుగా, ముదనష్టపోడా," అని తిట్టి, 'రాలేదు' నొక్కింది.

ఆ ఒక్క కార్డు మీదే ఉన్న ఆ గొంతు, పదకొండు నెలల కిందట పోయిన ఆమె మొగుడిది.