పాకెట్ అంచున రెడ్ కాయిన్

"ఇది ఆటా, కాపలానా?" అన్నాడు బస్సు డ్రైవరు.

మానసిక చికిత్స వార్డులో, ఆటల గది అది; డ్రైవరూ అక్కడి పేషెంటే. క్యారమ్ బోర్డు మీద మిగిలింది పాకెట్ అంచున ఉన్న రెడ్ కాయినొక్కటే. ఈ వార్డు లెక్కలో అది వేసినవాళ్లదే గెలుపు. పావుగంటగా థెరపిస్టు కొట్టినా, వార్డంతా పిన్ని అని పిలిచే దర్జీ కొట్టినా తగలడం లేదు.

"కావాలనే తప్పిస్తున్నావు కదూ, అమ్మాయీ?" అని థెరపిస్టును నిలదీశాడు డ్రైవరు.

థెరపిస్టు నవ్వేసింది. "పిన్నిగారు గెలిస్తే కాస్త హుషారొస్తుందని."

"మరి నీకేమైంది పిన్నీ? సూదిలో దారమెక్కించే చెయ్యి ఇంత దగ్గర్లో గురి తప్పుతుందా?"

పిన్ని తల దించుకుంది. "పొద్దున్నుంచీ ఈ పిల్ల మొహం వాడిపోయి ఉంది. గెలిస్తే తేరుకుంటుందని."

థెరపిస్టు పక్కనున్న పిన్ని ఫైలు తెరిచింది. 'ఇతరులను పట్టించుకుంటున్నారా?' అన్నచోట మూడు వారాలుగా 'లేదు' అనే రాస్తోంది. ఇవాళ 'అవును' అని రాసింది. తర్వాత స్ట్రయికర్ అందుకుని, ఒక్క దెబ్బకు రెడ్ వేసేసింది.

పిన్ని జాకెట్టు చేతులు పైకి మడిచింది.

"జాలిపడితే నెత్తికెక్కుతావా? కాయిన్లు పేర్చు. నీ సంగతి చెప్తా."