వెనక్కి తిరిగి నవ్వేవాడు

చనిపోయి ఇరవయ్యేళ్ళయినా కళాధర్ ప్రతి శుక్రవారం కొత్త పాట పాడుతూనే ఉన్నాడు. విశాఖలో ఏ ఇంటి తెరగోడ చూసినా, కంప్యూటర్ మళ్ళీ బతికించిన అతని "ఉప్పుగాలి" రాక్ బ్యాండే. ఆ బ్యాండులో ఇంకా బతికున్నది డ్రమ్మర్ డేవిడ్‌రాజు ఒక్కడే. కోడలి వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఎదురుగా గోడ మీద పాతికేళ్ళ డేవిడ్‌రాజు, తానెన్నడూ వాయించని పాటకు డ్రమ్స్ వాయిస్తున్నాడు.

ముసలాడి చేతులు ఊరుకోలేదు. పళ్ళెం బోర్లించి, అట్లకాడతో దరువు అందుకున్నాడు. చరణం ముగిసేచోట ఎప్పటిలాగే తొందరపడ్డాడు. ఆ తొందర అతని పుట్టుజబ్బు. వెనకటి రోజుల్లో సరిగ్గా అక్కడే కళాధర్ వెనక్కి తిరిగి నవ్వి, తనూ పరుగందుకునేవాడు. జనం వెర్రెత్తిపోయింది ఆ పరుగుకే.

గోడమీది కుర్రాడు తొందరపడలేదు. అయినా కళాధర్ వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఎందుకు నవ్వుతున్నాడేటి మావయ్యా?" అంది కోడలు రోజ్‌లిన్.

"నా తప్పు కడిగేసి, ఆడి నవ్వు మాత్రం ఉంచారమ్మా."

ఇంతలో గోడ మర్యాదగా అడిగింది: "ఇంట్లో ఏదో చప్పుడు పాటకు అడ్డొస్తోంది. తీసేయమంటారా?"

"తీసెయ్, పిల్లలు వింటన్నారు," అంది రోజ్‌లిన్, పోపు మీంచి చూపు తిప్పకుండానే.

డేవిడ్‌రాజు మళ్ళీ కొట్టాడు. పళ్ళెం మోగలేదు. బలంకొద్దీ కొట్టాడు. గోడ ఆ చప్పుడంతా మింగేసింది.

"ఆ వాయించింది నేనమ్మా!" అని అరిచాడు. దాన్నీ మింగేసింది.

గోడ మీద కళాధర్ మళ్ళీ వెనక్కి తిరిగి, ఆ కుర్రాణ్ణి చూసి నవ్వాడు.