పదో ఎరుపు

షుగరూ బీపీ ఉన్న ప్రతివారి మణికట్టులోనూ ఇప్పుడొక పూస ఉంటుంది. బీపీ హద్దు దాటితే అది ఎర్రబడి, ఎదుట నిలబడ్డవారి పేరు రాసుకుంటుంది. ఒకే పేరు పదిసార్లు పడితే ఆ మనిషి ఉద్యోగం ఊడినట్టే.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఫణీంద్ర ఒకరోజు నూకరత్నాన్ని అందరిముందూ నిలబెట్టాడు.

"మళ్ళీ బాత్రూమా? షుగరుందని గంటకోసారి లేస్తే చొక్కాలెవరు కుడతారు?"

ఆమె మళ్ళీ లేవలేదు. కూర్చున్నచోటే చీర తడిసిపోయింది. అందరూ చూశారు.

మర్నాటి నుంచి నూకరత్నం బీపీ మాత్రలు మానేసింది. పొద్దున్నే గంజిలో ఉప్పు ఎండుచేపలు నంజుకుని, అతను ఎదుటికి వచ్చేవేళకి పూసకేసి చూసుకునేది.

తొమ్మిదో ఎరుపుకి మాత్రా నీళ్ళూ ఫణీంద్రే పట్టుకొచ్చాడు. "అమ్మా, నీకు దండం పెడతాను. వేసుకో."

"నీళ్ళు తాగితే మళ్ళీ లెగాలి కద సార్," అంది.

పదోది మర్నాడు పడింది. ఫణీంద్ర సంచీ తగిలించుకుని గేటువైపు నడుస్తుంటే నూకరత్నం లేచి నిలబడింది. నెల్లాళ్ళుగా కళ్ళకి కమ్ముతున్న మసకలో మనిషి ఆకారమే తప్ప మొహం ఆనలేదు. పక్క మిషను మీది పైడితల్లి చెయ్యి పట్టుకుంది.

"నాకు కనపడ్డం లేదే. నువ్వు సూసి సెప్పు, ఏడస్తన్నాడా?"