తెర మీద చేపలు

"చూశారా, గ్రాఫులో గీత ఎలా పైకి లేచిందో?" అంటూ లెక్చరర్ కంప్యూటర్ తెరను తట్టారు. ల్యాబ్ మూలనున్న గాజుతొట్టిలో చేపలు ఏడాదికి ఎన్నవుతాయో చెప్పే నమూనా అది. సెలవులన్నీ కూర్చుని ఆయనే తయారుచేశారు.

"ఇందాక కిందికి పోయింది కదండీ?" అన్నాడో విద్యార్థి.

"లెక్కలో నెలనెలా ఓ పది చేపలు కలిపాను."

"ఎక్కణ్ణుంచండీ?"

"ఎక్కణ్ణుంచైతేనేం? గీత దారికొచ్చిందా లేదా? శాస్త్రమంటే ఓపికరా."

ముందు వరసలోంచి ఆయన మేనకోడలు లేచింది. "మామయ్యా..."

"ఇక్కడ సార్ అనాలి."

"సార్, మొదట్లో చేపలు సున్నా అని వేసినా గీత పైకే పోతోంది."

క్లాసంతా నవ్వు ఆపుకుంది. ఆయన ముఖం చిట్లించారు. "బుద్ధున్నవాళ్లెవరైనా సున్నాతో మొదలుపెడతారా? ఆ అంకె ఎక్కడిది నీకు?"

"తొట్టి చూసి వేశాను సార్."

ఆ ఉదయం మొదటిసారి ఆయన తెర మీంచి చూపు తిప్పారు. తొట్టిలో చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. సెలవుల్లో తానే వేస్తానన్న మేత డబ్బా ఆయన కీబోర్డు పక్కనే ఉంది, సీలైనా తీయకుండా.

"ఇందులో మేత ఎక్కడుంది మామయ్యా?" అంది పిల్ల, తెర చూపిస్తూ.

ఈసారి సార్ అనమని ఆయన అనలేదు.