ఎనిమిదో ఫోటో

ఏడో ఫోటో పడేసరికి మా ఇంట్లో యుద్ధం మొదలైపోయింది.

అది నా ఫోటో. అంతకుముందు ఆరూ నావే. కళ్లద్దాల అడుగు భాగంలోంచి చూడ్డానికి తల వెనక్కి వంచానేమో, రెండు గడ్డాలు, వాటి మీద సొరంగాల్లాంటి ముక్కు రంధ్రాలు, ఎక్కడో దూరంగా నుదురు. నాలుక ఓ పక్క నుంచి బయటికొచ్చి ఉంది. నేను అంత తెలివితక్కువగా కనిపిస్తానని నాకు అప్పటిదాకా అనుమానమే ఉండేది. ఇప్పుడు సాక్ష్యం దొరికింది.

ఫోటోలు పడుతున్నది మా కుటుంబం ఆల్బమ్‌లో. ఇంటర్నెట్‌లో మా బంధువులంతా ఫోటోలు పంచుకునే చోటు. నలభై ముగ్గురు చూస్తారు. ఆరో ఫోటో కింద మా పెద్దత్తయ్య, “బాబుకి పక్షవాతం ఏమన్నా వచ్చిందా?” అని రాసింది. ఏడోదాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. జాలిపడ్డారు. అది మరీ ఘోరం.

కంప్యూటర్ కెమెరాతో తీసినవని చూస్తేనే తెలుస్తోంది. అంటే ఎవడో లోపలికి దూరి, నా కెమెరాతో నన్నే తీసి ఊరేగిస్తున్నాడు.

నాది తాళాల కొట్టు. ఊళ్లో సగం తలుపులకి నేనిచ్చిన తాళాలే. అలాంటివాడి ఇంట్లో దొంగ పడ్డాడని తెలిస్తే కొట్టు బోర్డు దించుకోవడమే.

దొంగల భయంతోనే గదా, రెండు నెలల కిందట ఆపరేటింగ్ సిస్టమే మార్చేశాను! పాతది గడియ లేని ఇల్లు. వైరస్‌లు చుట్టాల్లా వచ్చి వారాల తరబడి ఉండిపోయేవి. ఉచితంగా దొరికే కొత్త సిస్టమ్ తెచ్చి ఒక ఆదివారమంతా కూర్చుని ఎక్కించాను. అది అడిగిన లక్షా తొంభై ప్రశ్నలకీ నేనే జవాబులిచ్చాను. మా ఆవిడని మౌస్ ముట్టుకోనివ్వలేదు.

“నేను ఆఫీసులో రోజూ చేసే పనేగా?” అంది కరెంటాఫీసులో గుమాస్తాగా పనిచేసే మా ఆవిడ.

“ఇది భద్రతకి సంబంధించింది. నీకర్థం కాదు.”

ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఆవిడకి గుర్తుంది.

పద్దెనిమిది అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాను. ప్రతి ఆదివారం సాయంత్రం మార్చేస్తాను. ఎక్కడా రాసుకోను. తాళాలవాడు తాళంచెవిని గుమ్మం మీద వదిలేస్తాడా?

అయినా దొంగ దూరాడు.

విచారణ మొదలుపెట్టాను. ఫోటోలు పడిన తేదీలు వరసగా రాసుకుంటే ఒళ్లు జలదరించింది. ఏడుకి ఏడూ సోమవారం పొద్దున్నే. బంధువర్గం మొత్తంలో సోమవారం సెలవున్నవాడు ఒక్కడే. మా తోడల్లుడు. వాడిది ఫోటో స్టూడియో. ఆల్బమ్ తెరిచిందీ వాడే. పైగా మా ఇరవయ్యో పెళ్లిరోజు ఫోటోల్లో నా తలని సగానికి కోసేసిన పాత నేరస్థుడు.

ఫోన్ చేశాను. “తమ్ముడూ, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.”

“అన్నయ్యగారూ, ఆ దొంగ అన్నది నన్నేనా?”

“గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకయ్యా భుజాలు తడుముకుంటావు?”

అంతే. పావుగంటలో స్కూటర్ వచ్చి ఆగింది. వెనక మా మరదలు, ఏడ్చి ఎర్రబడిన కళ్లతో.

“నిరూపించండి,” అన్నాడు తోడల్లుడు గుమ్మంలోనే నిలబడి. “నేనేనని తేలితే నలభై ముగ్గురి ముందూ క్షమాపణ చెబుతా. తేలకపోతే ఈ పూటతో మీ గడప తొక్కం.”

“నన్ను చూడాలనిపిస్తే నువ్వే మా ఇంటికి రా అక్కా,” అంది మరదలు వెక్కుతూ.

చెల్లెలితో మాట్లాడకుండా మా ఆవిడ ఒక్క రోజు గడిపింది లేదు. నావైపు తిరిగింది. “ఏమండీ, నా చెల్లెలు ఇలాగే వెళ్లిపోయిందంటే, రేపట్నుంచి మీరూ మీ కంప్యూటరూ కాపురం చేసుకోండి.”

“దొంగతనం జరిగిన చోటే చూపిస్తా, రండి!” అన్నాను. వాళ్లు ముగ్గురూ నా కుర్చీ వెనక చేరారు. “ముందు ఫోన్లన్నీ బల్లమీద పెట్టండి,” అన్నాను పోలీసు గొంతుతో. పెట్టారు. నాదీ పెట్టాను. న్యాయం న్యాయమే.

తోడల్లుడు చేతులు కట్టుకున్నాడు. మరదలు ముక్కు చీదింది. అందరూ చూస్తుంటే ఎవడికైనా వేళ్లు తడబడతాయి. పద్దెనిమిది అక్షరాలూ బుర్రలో ఉన్నాయి గానీ చేతిలోకి దిగడం లేదు. కీబోర్డుతో కుస్తీ పడుతూ ఉండగా—

టింగ్.

బల్లమీద నాలుగు ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

ఎనిమిదో ఫోటో. ముందు నేను, రెండు గడ్డాలతో. వెనక చేతులు కట్టుకుని తోడల్లుడు. పక్కన రుమాలుతో మరదలు. మా ఆవిడ ఒక్కతే బాగా పడింది.

“నా చేతులు ఎక్కడున్నాయో కనిపిస్తోందా అన్నయ్యగారూ?” అన్నాడు తోడల్లుడు మెల్లగా.

వాడు కాదు. అంటే ఇంకెవడో ఉన్నాడు. నన్ను మించిన గజదొంగ!

ఇంకో రెండు కుస్తీలకి కంప్యూటర్ తెరుచుకుంది. “లేవండి,” అంది మా ఆవిడ. రెండు నెలల్లో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది. సెట్టింగుల్లోకి వెళ్లింది. భద్రత అన్న పేజీ తెరిచి, కరెంటు బిల్లు మీద ఫిర్యాదు చదివినట్టు ఒక్కో వరసా చదువుకుంటూ దిగింది. ఒకచోట ఆగింది. పెదాలు వణికాయి. ఏడుస్తోందనుకున్నాను.

“దొరికాడు,” అంది.

“ఎవడు వాడు?” అని అరిచాను. “పేరు చెప్పు! ఆల్బమ్‌లోంచే కాదు, చుట్టరికంలోంచే కొట్టిపారేస్తాను!”

మా ఆవిడ తెరమీద వేలు పెట్టి చదివింది: “‘మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టినవాడు దొంగ, వెంటనే వాడి ఫోటో తీసి మా కుటుంబం అందరికీ పంపించు’ అని దీనికి చెప్పిందీ మీరే, ఆ దొంగా మీరేనండీ!”