మడత పడని ఉత్తరం

"ఒక్క మడతైనా లేదు మావయ్యా. నిన్న రాసినట్టుంది," అంది మేనకోడలు, భూతద్దం పక్కన పెట్టి.

పాత కాగితాలకు మరమ్మతు చెయ్యడం ఆమె పని. చెదలు తిన్నవి, తడిసినవి, మడతల దగ్గర చిరిగినవి ఇరవై ఏళ్లుగా చూస్తోంది. ఇంత శుభ్రమైన ఉత్తరం మాత్రం చూడలేదు.

మ్యూజియం అధికారి మురిసిపోయాడు. మురవడా మరి, రాసింది సొంత తాతయ్య. తాతలు నేతులు తాగారని మూతి వాసన చూపించేవాళ్లు చాలామందే ఉంటారు. ఈయన ఆ వాసన మీదే ఉద్యోగం కూడా సంపాదించాడు.

ఆ ఉత్తరం కథ ఊళ్లో పిల్లాపాపలకు కూడా తెలుసు. యుద్ధకాలంలో శత్రుసైన్యం ఏటి ఒడ్డున దిగి, లొంగిపొమ్మని కబురు పెట్టింది. అప్పటి మేయరు, అంటే ఈ తాతయ్య, నాలుగే నాలుగు వాక్యాల్లో జవాబు రాశాడు. 'మా ఊళ్లోకి రాగలరేమో గానీ తిరిగి పోలేరు' అన్నది అందులో చివరి వాక్యం. తెల్లారేసరికి సైన్యం గుడారాలు పీకేసి, ఏరు దాటి, అవతలి ఊరి మీద పడింది. ఆ ఊరు మూడు రోజులు తగలబడింది. పాపం, వాళ్లకు ఇంత గుండె ఉన్న మేయరు లేడు.

తాతయ్య పోయాక ఆయన బల్ల సొరుగు సర్దుతుంటే ఉత్తరం దొరికింది. అప్పటినుంచీ అద్దాల పెట్టెలో ఉంది. ఏటా ఆ తేదీన రెండు ఊళ్ల జనం దాని ముందు తలవంచి నిలబడతారు. అవతలి ఊరివాళ్లయితే పూలు కూడా తెస్తారు.

ఈసారి ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. అధికారికి తిండి సయించడం లేదు. మ్యూజియం కప్పు కారుతోంది. ఉత్తరాన్ని రాజధానికి తరలిస్తామని పైవాళ్లు రాశారు. జాతీయ సంపదగా గుర్తింపు వస్తే మాత్రం ఇక్కడే ఉంచి, కొత్త భవనం కట్టిస్తారట. దానికి ఒకటే షరతు. ఉత్తరం ఆ శత్రు సేనాధిపతికి నిజంగా అందిందని అతని దేశంవాళ్లు ధ్రువీకరించాలి.

"అదెంత పని," అన్నాడు అధికారి. "తాతయ్య ఉత్తరం ఊరు దాటి పోయాక ఇక నేనుండి ఏం లాభం?"

ఆ దేశపు రికార్డుల ఆఫీసుకు తనే రాశాడు. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. సరిగ్గా ఉత్సవం రోజు పొద్దున, లక్క ముద్ర వేసిన కవరు వచ్చింది.

"ముందు మనం చూసుకుందాం మావయ్యా. ఏం రాశారో ఏమో," అంది మేనకోడలు.

"విప్పిన కవరు చూపిస్తే మనమే ఏదో చేశామంటారు. రాజధాని నుంచి వచ్చే పరిశీలకుడి ఎదురుగానే విప్పాలి. నువ్వు ప్రతిదానికీ అడ్డుపుల్ల వెయ్యకమ్మా."

హాలు నిండిపోయింది. పైనుంచి వచ్చిన పరిశీలకుడు ముందు వరసలో కలం తీసుకుని కూర్చున్నాడు. ముఖ్య అతిథి అవతలి ఊరి మేయరమ్మ. డెబ్బై దాటిన మనిషి. అద్దాల పెట్టె ముందు పూలుంచి, మైకు దగ్గరికి మెల్లగా వచ్చింది.

"మా అమ్మవైపు ఏడుగురు పోయారండీ. అమ్మ ఒక్కతే మిగిలింది. మాకూ ఇలాంటి మనిషి ఒక్కడుంటే బాగుండేదని పోయేదాకా అంటూనే ఉండేది."

అధికారికి కళ్లు చెమర్చాయి. కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ చేత్తోనే విప్పండమ్మా. మీరు చదివితేనే తాతయ్యకు గౌరవం."

కవరులో రెండు కాగితాలున్నాయి. ఆమె మొదటిది చదివింది. ఫలానా తేదీన మీ మేయరు రాసిన ఉత్తరం మా సేనాధిపతికి అందిన మాట వాస్తవం అని ఉంది. హాలు చప్పట్లతో మోగిపోయింది. పరిశీలకుడు అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. అధికారికి గుండెల మీద బరువు దిగిపోయింది. చూశావా అన్నట్టు మేనకోడలి వైపు చూశాడు.

రెండో కాగితం, సేనాధిపతికి అందిన ఆ ఉత్తరం నకలు. అదే దస్తూరీ, అదే తేదీ, అదే సంతకం. అది కూడా చదవమని జనం కేకలు వేశారు. అందరికీ కంఠతా వచ్చిన వాక్యాలే కదా, గొంతు కలపడానికి సిద్ధమయ్యారు.

మేయరమ్మ కళ్లజోడు సర్దుకుని, నిదానంగా చదవడం మొదలుపెట్టింది.

"అయ్యా, మా ఊరి జోలికి రామని మీరిచ్చిన మాట నమ్మి, అవతలి ఊరికి ఏరు దాటేందుకు లోతు లేని చోటు, అక్కడ కాపలా మారే వేళ ఈ కాగితం వెనక గీసి, రాసి పంపుతున్నాను."